ముంబై సెంట్రల్ అని చెప్పు

ఆదివారం మధ్యాహ్నం, వరసగా ఒంటిగది ఇళ్లుండే మా చాల్ గ్యాలరీలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, పిల్లల చేతుల్లో ఫోన్ల గురించి పాఠం చెప్పాను. చెప్పమని ఎవరూ అడగలేదు. ఈ బిల్డింగులో డిగ్రీ చదివిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అన్న పొగరు చాలు, నన్ను లేపడానికి.

"వంట చేసుకునేటప్పుడు సతాయించొద్దని ఫోన్ మీరే ఇస్తరు. మళ్ల పిల్ల చెడిపాయెనని మీరే మొత్తుకుంటరు. ఆటల ఎవనితో మాట్లాడుతున్నదో ఎన్నడన్నా అడిగిన్రా?" అని కడిగేశాను. ముక్కూమొహం తెలియనివాడికి ఫోటో పంపకూడదు, బడి పేరు చెప్పకూడదు, ఎక్కడుంటారో అసలే చెప్పకూడదు.

ఆ చివరి మాటకు ఎదురింటి కోడలు పకపకా నవ్వింది. "మన అడ్రస్ చెప్తే ఆడే పారిపోతడు గదక్కా! కామాఠీపురా అంటే ఇగ ఫోన్ ఎత్తుతడా?"

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేను. గుమ్మంలో నిలబడ్డ మా అమ్మాయి నవ్వలేదు. తొమ్మిదో తరగతి పిల్ల. గిర్రున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

పాలమూరు నుంచి ఇళ్లు కట్టే పనికొచ్చి, కామాఠీలనిపించుకున్న మా తాతల వల్లే ఈ పేటకు ఆ పేరు. నగరానికి మాత్రం ఇక్కడ ఒళ్లమ్ముకునే గల్లీలే గుర్తు. అందుకని మా ఇళ్లలో పిల్లలకు అడ్రస్ నేర్పిన రోజే దాన్ని దాచడమూ నేర్పుతాం. ఎవరడిగినా పక్కనున్న రైల్వే స్టేషన్ పేరు, ముంబై సెంట్రల్ అని చెప్పాలి. కాలేజీలో నేనూ అదే చెప్పాను, వర్లి నుంచి వచ్చే తెలుగు అమ్మాయిలకు కూడా. బడిలో వేసిన రోజు మా అమ్మాయికీ అదే నూరిపోశాను.

నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్తే, అది ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆటలో పరిచయమైనవాడట, తనదీ తొమ్మిదో తరగతేనన్నాడట. ఇప్పుడు హిందీలో రాస్తున్నాడు: ఫోటోలు పంపు, లేకపోతే నువ్వు కామాఠీపురా దానివని మీ క్లాసంతటికీ చెప్తా.

"పంపినవా?"

"లేదు."

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాని వెంటే నోరూ లేచింది. "బడి పేరు చాలదని అడ్రస్ గూడ ఎందుకు చెప్పినవే? తెలివి ఉండక్కర్లే?"

"ఇంకెవరికి చెప్పాలె మమ్మీ? క్లాస్‌ల అందరికీ ముంబై సెంట్రలే చెప్పిన. 'కామాఠీపురా అయితే ఏమైంది' అన్నోడు ఆడొక్కడే."

"బెదిరిస్తుంటే నాకన్నా చెప్పొద్దా?"

"నీకా? బయట ఆ పేరు ఎత్తితేనే చెయ్యి గిల్లుతవ్ నువ్వు."

మున్సిపాలిటీ వాళ్లతో, నీళ్ల టాంకరు వాళ్లతో, అత్తగారితో, ఎవరితో వాదించినా చివరి మాట నాదే. ఆ రోజు చివరి మాట దానిదే. వాడు పిల్లను భయపెట్టడానికి వాడిన కత్తికి ఇన్నేళ్లూ నేనే పదును పెట్టాను. గ్యాలరీలో ఇంకా నవ్వులు వినిపిస్తున్నాయి. ఇందాక ఆ నవ్వుల్లో నాదీ ఉంది.

అది మెసేజీలు చెరిపేయబోతుంటే ఆపాను, అవే సాక్ష్యం అని. వాడికి జవాబివ్వొద్దన్నాను. చెప్పులేసుకుని ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం.

లోపల మమ్మల్ని కూర్చోబెట్టిన లేడీ పోలీసు, ఎక్కడుంటారని మరాఠీలో అడిగింది.

"ముంబై సెంట్రల్," అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతటదే అనేసింది. మా అమ్మాయి నా వైపు చూసింది. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "కామాఠీపురా" అని గల్లీ నంబరుతో సహా చెప్పింది. ఆవిడ తలెత్తకుండానే రాసుకుని, ఫోన్ ఇమ్మంది.

దాని చెయ్యి పట్టుకుందామని నా చెయ్యి చాచాను. గిల్లుతాననుకుందో ఏమో, అది చటుక్కున వెనక్కి లాక్కుంది.