ఉస్మా పసరు

మర్గిలాన్ ఊళ్ళో ఆయ్‌దిన్ ముసలమ్మ వారంవారం పుల్లటి పెరుగుతో తల రుద్దుకునేది. పెరట్లో ఉస్మా ఆకు కోసి, అరచేతుల్లో నలిపి, బోర్లించిన పింగాణీ గిన్నె అడుగు గుంటలోకి పసరు పిండి కనుబొమలు నల్లగా దిద్దుకునేది. కొడుకు పోయాక ఆ ఆకు ముట్టలేదు. ఇవాళ పిండింది. "ఇలా కూర్చో, జుల్ఖుమార్," అని కోడల్ని పిలిచింది. గుమ్మంలో పొరుగింటి హోసియత్ బుగ్గలు నొక్కుకుంది: "అయ్యో, ఏడాదైనా తిరక్కుండానే సింగారమా!"

"పోయినవాడు నా కొడుకు. లెక్క నువ్వు పెట్టకు," అంది ముసలమ్మ.

కోడలు కూర్చుంటూనే మొహం పక్కకు తిప్పుకుంది. "వద్దత్తయ్యా, నలుగురూ ఏమంటారు?"

ముసలమ్మ ఆమె గడ్డం గట్టిగా పట్టుకుంది. "కదలకు, వంకర పోతుంది." పుల్లకు చుట్టిన దూదితో, ఆ ఊరి సింగారపు తీరున, రెండు కనుబొమలూ కలిపి ఒకటే గీత దిద్దింది. హోసియత్ విసవిసా వెళ్ళిపోయింది. అప్పుడు కోడలు ఆ పుల్ల అందుకుని, అత్త నెరిసిన కనుబొమకు ఆనించింది.

"మీరూ కదలకండి."