ఇంటికి తీసుకుపోయిన కుక్క

పోయిన వేసవిలో నేనూ మా ఆయనా నాలుగేళ్ల మనవరాలు చిన్నిని తీసుకుని మైదుకూరులో ఒక సినిమాకు పోయాం. అందులో ఒక వీధికుక్క తప్పిపోయిన వాళ్లందరినీ ఇళ్లకు చేరుస్తుంది. చిన్ని రెప్ప వేయకుండా చూసింది.

కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చునే అలవాటు నాది. ఆట అయిపోయాక వంగి చెప్పులు వెతుకుతూ తలెత్తేసరికి పిల్ల లేదు.

"ఏమప్పా, చిన్ని నీ దగ్గరుండాదా?" అని మా ఆయన్ని అడిగాను.

"నా దగ్గర యాడుండాది? నువ్వే కదా పట్టుకున్నేది!"

బయట లారీలు తిరిగే రోడ్డు. వట్టికాళ్లతోనే పరుగెత్తాను. చూస్తే, హాలు పక్కనే బజ్జీల బండి వెనక ఒక వీధికుక్క పక్కన కూర్చుని, దానికి బజ్జీ తినిపిస్తోంది చిన్ని!

"ఈడికెందుకొచ్చినావే?" అని మా ఆయన కసిరారు.

"మీరు కనపడలే తాతా. ఇంటికి తీసుకపోతాదని కుక్క ఎనకాలే వచ్చినా."

బజ్జీలామె పకపకా నవ్వింది. "తీసుకొచ్చింది కదా పాపా! దాని ఇల్లు ఈడనే."

ఆ కుక్క రోడ్డు వైపు నడిచి ఉంటే? కుక్క కనబడితే రాయి అందుకునే మా ఆయన, ఆ రోజు వేడి బజ్జీలు ఊది ఊది చల్లార్చి దానికి పెట్టారు. నా చెప్పులు హాల్లోనే పోయాయి. పోతే పోనీ!