నాలుగు బిందెల మంచినీళ్ళు

మొన్న పంటినొప్పి భరించలేక ఏలూరులో కొత్తగా క్లినిక్కు పెట్టిన ఒక డాక్టరుగారి దగ్గరికి వెళితే, వచ్చినవాళ్ళను వరసగా కూర్చోబెట్టిన గదిలో గోడ పొడవునా పెద్ద గాజు ట్యాంకు కనిపించింది. అందులో పగడాలు. మెడలో వేసుకునేవి కాదు, ప్రాణమున్నవి, రాళ్ళను అంటిపెట్టుకుని సన్నటి వేళ్ళు ఆడిస్తూ ఉండేవి. వాటి మధ్య నారింజ రంగు మీద తెల్లచారలున్న చేపలు రెండు. నేను ట్యాంకుకు వీపు పెట్టి కూర్చున్నాను. కౌంటరు దగ్గరి అమ్మాయికి నా ముఖంలో ఏం కనిపించిందో, లేచి వచ్చి, "వాటర్ కావాలాండీ?" అని అడిగింది. వద్దన్నాను. నా వంతు రాకముందే లేచి ఇంటికి వచ్చేశాను.

మావారికి ఆ పిచ్చి యాభై దాటాక పట్టుకుంది. మాది అర్చకుల కుటుంబం, చేప అన్న మాటను కూడా వంటింటి గడప దాటనివ్వని ఇల్లు. అలాంటి ఇంటి హాల్లోకి ఆయన సముద్రపు చేపల్ని తెచ్చి పెడితే, మా అత్తగారు బతికున్న ఆ ఏడాదంతా అటు చూడకుండానే నడిచారు. పక్కనే కొల్లేరు పెట్టుకుని చేపలు కొనుక్కునే మనిషిని ఇన్నేళ్ళకు చూశామని చుట్టాలు ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. రోజూ పాసింజరు బండిలో తాడేపల్లిగూడెం ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం ఇల్లు చేరి, చెప్పులు విప్పీ విప్పకముందే ట్యాంకు ముందు కుర్చీ వేసుకునేవారు. కాఫీ అక్కడికే పట్టుకెళ్ళాల్సి వచ్చేది. బొటనవేలి గోరంత ముక్కగా తెచ్చిన ఊదారంగు పగడం ఒకటి ఆరేళ్ళలో అరచేయంత అయింది. ఇదిగో ఇక్కడ కొత్త చిగురు వేసింది చూడమని పిలిస్తే, నాకు తేడా ఏమీ తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఆయనా అనేవారు కాదు, నేనూ అనేదాన్ని కాదు.

రెండడుగుల ట్యాంకు వాటికి ఇరుకైపోయిందని అయిదడుగులది చేయించారు. నేను పంచాంగం తీసి ఆదివారం ఉదయానికి ముహూర్తం చూశాను. చేపలకి గృహప్రవేశమేమిటని వేళాకోళం చేస్తూనే, నేను పాలు పొంగించేదాకా ఆయన ట్యాంకు మీద చెయ్యి వెయ్యలేదు. అంతకు రెండు రోజుల ముందే వసారాలో రెండు నీలం డ్రమ్ముల నిండా నీళ్ళు పట్టి, సముద్రపు ఉప్పు పొడి కొలిచి కలిపి ఉంచారు. పాత ట్యాంకులో తేరిన నీళ్ళు కాసిని ప్లాస్టిక్ తొట్టెలోకి వంపి పగడాల రాళ్ళు అందులో పెట్టారు, చేపల్ని రెండింటినీ బకెట్లో వేశారు. తక్కిన నీళ్ళు మడ్డి లేచి నల్లబడ్డాయి. ఇవింక పనికిరావు, డ్రమ్ముల్లోవే మంచి నీళ్ళు అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. పొయ్యి దగ్గరున్న నేను విన్నాను గాని మనసు పెట్టలేదు.

తీరా చూస్తే కొత్త ట్యాంకులో నీళ్ళు తిప్పే మోటారు పనిచెయ్యలేదు. ఇంకో మోటారు తెప్పించే ఉంచారు కాని, పగలు నేను గుడికో బజారుకో వెళితే ఇల్లు తాళం వేసి ఉంటుందని కొరియర్లన్నీ ఆఫీసుకే రప్పించుకునేవారు; అది గూడెం ఆఫీసులో ఆయన బీరువాలో ఉంది, ఆదివారమైనా వాచ్‌మన్ తాళం తీస్తాడు. మధ్యాహ్నానికి వచ్చేస్తానని బస్సెక్కారు. ఆయన వెళ్ళిన ముప్పావుగంటకు రాళ్ళ బరువుకు తొట్టె అడుగున పగిలింది. చూస్తూ ఉండగానే నీళ్ళు నా కాళ్ళ కిందినుంచి వసారాలోకి పారిపోయాయి. ఫోను చేస్తే బస్సు గుండుగొలను దగ్గర ఉంది. హారన్ల మోతలో ఆయన గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"రాళ్ళు ఆరకూడదు. వెంటనే మంచి నీళ్ళల్లో వేసెయ్యి."

అంతే, ఫోను తెగిపోయింది.

నేను కొల్లేటి లంకలో పుట్టినదాన్ని. మా చిన్నతనంలో ఎండలు ముదిరాయంటే ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు ఎగదన్నేది, బావులు నోట పెట్టుకోనిచ్చేవి కావు, పడవలో బిందెలు వేసుకెళ్ళి ఎక్కడినుంచో నీళ్ళు తెచ్చేవారు. వాటిని మంచినీళ్ళు అనేవాళ్ళం. మన ఈడువాళ్ళకు నేను విడమరిచి చెప్పాలా? ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు, ఆ తర్వాతే మాట. మంచినీళ్ళంటే ఇంకో అర్థం ఉండగలదని ఆ క్షణంలో నాకు తట్టనే లేదు.

పెద్ద టబ్బు తోమి, ఇంట్లో ఉన్న నాలుగు బిందెల మంచినీళ్ళూ గుడ్డ వేసి వడపోసి అందులో పోశాను. ఒక్కొక్క రాయినీ రెండు చేతులతో ఎత్తి, ఊదారంగు దానికి దెబ్బ తగలకుండా చూసుకుంటూ దించాను. వసారాలో ఆ డ్రమ్ముల పక్కనుంచే నాలుగుసార్లు బిందె చంకనెత్తుకుని నడిచాను. పగడాల వేళ్ళన్నీ లోపలికి ముడుచుకున్నాయి. అలసి నిద్రపోతున్నాయి కాబోలు అనుకున్నాను. ఆయనకు పనికొచ్చే పని ఒకటి చేశానని గర్వంగా కూడా ఉంది.

ఆయన వచ్చేసరికి మూడు గంటలు గడిచాయి. టబ్బు చూసి, మోటారు కింద పెట్టి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. మళ్ళీ ముంచి, మళ్ళీ రుచి చూశారు.

"ఇవి మంచినీళ్ళు కదే," అన్నారు.

"మీరు చెప్పినవేనండీ," అన్నాను.

ఆయన డ్రమ్ముల వైపు చూశారు. అప్పటికి నాకూ అర్థమైంది. నా మీద అరిస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

"నువ్వు సరిగ్గానే విన్నావు. ఆ మాట నేనే అనకుండా ఉండాల్సింది," అని మాత్రం అన్నారు.

ఆశ చావక, రాళ్ళను కొత్త ట్యాంకులో సర్ది చేపల్నీ వదిలారు. మర్నాటికే పగడాల కండ నానిన అటుకుల్లా ఊడి రావడం మొదలైంది, నీళ్ళు తెల్లబడి వాసన వేశాయి. మూడోనాడు చేపలు రెండూ పోయాయి. ఆఫీసుకు సెలవు పెట్టి, పెరట్లో మందారం మొదట్లో వాటిని ఆయనే పాతిపెట్టి వచ్చారు. ఆ ట్యాంకులో మళ్ళీ నీళ్ళు పొయ్యలేదు. కొన్నాళ్ళకు ఎవరో అడిగితే ఇచ్చేశారు. ఇంకొకటి కూడా జరిగింది, అది నేను చాలా ఆలస్యంగా గమనించాను. ఆయన మంచినీళ్ళు అనడం మానేశారు. దాహం వేస్తోందనేవారు, లేకపోతే తనే లేచి వెళ్ళి ముంచుకు తాగేవారు. నేను బాధపడతాననే అలా చేశారని తెలుసు. నాకు మాత్రం ప్రతిసారీ గుండెలో కలుక్కుమనేది. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఒక మాట చుట్టూ తిరిగి నడిచాం.

రెండేళ్ళ కిందట ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టి, "కాసిని మంచినీళ్ళియ్యవే," అన్నారు. చెంచాతో పోశాను. మూడు చెంచాలు తాగి చాలన్నట్టు చెయ్యి కదిపారు. మగతలో పాత అలవాటుకొద్దీ అన్నారో, ఇన్నాళ్ళు దాచుకున్న మాటను కావాలనే నాకు తిరిగి ఇచ్చారో, అడిగే ధైర్యం నాకు చాలలేదు. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

ఇప్పుడు అందరిదీ వాటరే. క్యాన్లు వేసే అతను గుమ్మంలో నిలబడి వాటరండీ అంటాడు, చుట్టాలింటికి వెళ్ళినా వాటర్ తాగుతారా అనే అడుగుతారు. తప్పు పట్టడానికి లేదు, దాహం తీరితే చాలు కదా. కాని మొన్న ఆ అమ్మాయి మంచినీళ్ళు కావాలాండీ అని అడిగి ఉంటే, ఆ చేపల ముందే, అంతమందిలో, నేను ఏడ్చేసి ఉండేదాన్ని. ఏడుస్తూనైనా తాగేదాన్ని.