రెండు చెవులకు ఐదు స్పీకర్లు

మా మామయ్య కొత్త హోమ్ థియేటర్ రిసీవర్ కొన్నారని తెలిసిన రోజున నేనన్న మాట ముందే చెప్పేస్తాను. తర్వాత చెబితే దాచిపెట్టినట్టుంటుంది. "చెవులు వినిపించని మనిషికి ఐదు స్పీకర్లెందుకట?" అన్నాను. ఆయనకు వీపు తిప్పి, బీరువా ముందు బట్టలు సర్దుతూ మా ఆయనతో అన్న మాట అది. కానీ ఆ బీరువాకు అద్దం ఉంది. వెనక కుర్చీలో కూర్చున్న మామయ్య ఆ అద్దంలో నా పెదవులు చదివేశారు.

"రెండే చెవులు కదమ్మా, ఒక్కోదానికి రెండున్నర చొప్పున సరిపోతాయిలే" అన్నారు, వీధి చివరికి వినిపించేంత గొంతుతో.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం అక్కడితో వదిలేసి పేపరు తిరగేసుకున్నారు. నోటి దురుసు నాది, ఓర్పు ఆయనది. నేను కాపురానికి వచ్చిన ఈ పదకొండేళ్ళలో అది మారలేదు.

మామయ్య నేత మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. మగ్గాల షెడ్డులో పన్నెండు మగ్గాలు ఆయన చేతికింద ఉండేవి. ఎక్కడ పోగు తెగితే అక్కడికి పరుగెత్తడం, ముడి వేయడం, మగ్గాన్ని మళ్ళీ నడిపించడం ఆయన పని. మూడు వందల మరమగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదట. అందుకని అక్కడ ఎవరూ అరిచేవారు కాదు. గొంతు పెగల్చకుండా, పెదవులు మాత్రం విడివిడిగా, నిదానంగా కదిలించేవారు. దానికి రెండు వేళ్ళ సైగ కలిపేవారు. కబుర్లు, తిట్లు, జోకులు అన్నీ షెడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి అలాగే నడిచేవి.

దారం చుట్టిన కండెలను బుట్టలో తెచ్చి మగ్గాల దగ్గర పెట్టే అమ్మాయి ఒకామె ఉండేది. మిల్లు మొత్తం మీద ఆ అమ్మాయి పెదవులంత స్పష్టంగా ఇంకెవరివీ కదిలేవి కావని మామయ్య చెబుతారు. "పనిమీద చూశావో, పనిలేక చూశావో" అని అత్తయ్య ఎత్తిపొడిచేది. ఆ అమ్మాయే మా అత్తయ్య.

పెళ్ళయ్యాక కూడా వాళ్ళు ఆ భాష వదల్లేదు. నేను వచ్చిన కొత్తలో, ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని చప్పుడు లేకుండా పెదవులాడించుకుంటూ ఉన్నట్టుండి పకపకా నవ్వితే, నా గురించే చెప్పుకుంటున్నారని కుతకుతలాడిపోయేదాన్ని. సగం సార్లు నా అనుమానం నిజమేనని తర్వాత అత్తయ్యే ఒప్పుకుంది. మొగుణ్ణి ఆవిడ "నువ్వు" అంటుందని బంధువులు ముక్కున వేలేసుకునేవారు. "ఆ రొదలో 'మీరు' అనడానికి తీరికెక్కడిది? అలా అలవాటైపోయింది" అనేది.

మామయ్య చెవులు ఒక్కరోజులో పోలేదు. ఏడాదికి కాస్త చొప్పున మిల్లు పట్టుకుపోయింది. రిటైరయ్యాక వినికిడి యంత్రం పెట్టించాం. గిన్నెల మోత పెరిగింది గానీ మాట తెలియలేదు. దాన్ని సొరుగులో పడేశారు. ఆయనకది పెద్ద లోటనిపించలేదు. టీవీలో సినిమా వస్తుంటే సగం తెర, సగం అత్తయ్య ముఖం చూసేవారు. డైలాగులన్నీ ఆవిడ పెదవులతో అందించేది. నచ్చనివి మార్చేసేది కూడా. "ఈవిడ పుణ్యమా అని నేను చూసిన ప్రతి సినిమాలో విలన్ చివర్న క్షమాపణ చెప్పాడు" అనేవారు మామయ్య.

ఎనిమిది నెలల కిందట అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. ప్రాణగండం తప్పింది, కాలు కూడదీసుకుంది. కానీ ముఖం కుడివైపు జారిపోయింది, కుడిచెయ్యి పెన్ను పట్టడానికి రాకుండా పోయింది. మాట ఉంది, సన్నగా, నెమ్మదిగా. దగ్గర కూర్చుంటే మాకందరికీ అర్థమవుతుంది, ఒక్క మామయ్యకు తప్ప. పెదవులు సగమే కదిలితే ఆయన చదవలేరు. కూరలమ్మే మనిషి మాట తెలుస్తుంది, బస్సు కండక్టరు మాట తెలుస్తుంది, కట్టుకున్న భార్య మాట తెలియదు.

మధ్యలో కూర్చుని నేను అందించేదాన్ని. "అత్తయ్య మంచినీళ్ళు అడుగుతోంది మామయ్యా." "ఫ్యాను తగ్గించమంటోంది." మంచినీళ్ళూ ఫ్యానూ సరే, కోడలి నోటి మీదుగా ఏ మొగుడూ పెళ్ళాం అంతకుమించి మాట్లాడుకుంటారు? ఆవిడ ఏదో చెప్పబోయి, నా వంక చూసి, "ఏం లేదులే" అనేది. ఆయన కాసేపు ఆవిడ ముఖంలోకి చూసి వరండాలోకి వెళ్ళిపోయేవారు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ పరాయివాళ్ళయిపోతారేమోనని నాకు నిజంగా భయం వేసేది. రాత్రీ పగలూ నవ్వుకున్న మనుషులు, ఇప్పుడు ఒకరి మందుల వేళ ఒకరు గుర్తుచేసుకుంటూ బతుకుతున్నారు.

అలాంటి రోజుల్లో రిసీవర్ వచ్చింది. నా కోపానికి కారణం అదీ. ఇక అత్తయ్యతో పనిలేకుండా తన సినిమాలు తాను వినాలనుకుంటున్నారని నేను లెక్క వేసుకున్నాను.

బిగించడానికి షాపు నుంచి మెకానిక్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాటకంటే ముందు నవ్వుతాడు. టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంచిపెట్టే ఆ రిసీవర్ మా పెద్ద సూట్‌కేసంత ఉంది, ఎత్తబోతే నడుం పట్టేసే బరువు. వెనకవైపు చూస్తే జల్లెడలా అన్నీ కన్నాలే. అతను టీవీకి అటూ ఇటూ రెండు స్పీకర్లు, కింద ఒకటి, సోఫా వెనక రెండు పెట్టి, ఎర్ర వైరు ఎర్రదానికీ నల్ల వైరు నల్లదానికీ కలిపాడు. అంతా అయ్యాక అట్టపెట్టె తలకిందులు చేసి దులిపాడు.

"చిన్న మైకొకటి ఉండాలండీ, బొటనవేలంత. అది లేకపోతే గదిని కొలవడం కుదరదు" అన్నాడు.

సోఫా కింద చూశాం, థర్మోకోల్ ముక్కల్లో వెతికాం. చివరికి మామయ్య ముందు నిలబడి అడిగాను.

"అది ఆవిడ దగ్గరుంది" అన్నారు.

లోపలి గదిలో అత్తయ్య మంచం మీద కూర్చుని ఉంది. ఎడమచేతి గుప్పిట్లో, జేబురుమాలు చుట్టిన మైకు. పొద్దున్నే తెచ్చి ఇచ్చారట. ఎందుకో ఆవిడకు చెప్పలేదు, జాగ్రత్తగా పట్టుకోమన్నారట.

"షాపులో పెట్టె మీద బొమ్మ చూశానమ్మా" అన్నారు మామయ్య గుమ్మంలోంచి. "ఇది కొంటే మైకు కూడా ఇస్తారని ఉంది. మీ అత్తయ్య ఇందులో మాట్లాడితే ఐదు స్పీకర్లలోనూ తన మాటే వస్తుంది కదా. ఐదింట్లో ఒక్కటైనా నా చెవికి ఎక్కకపోతుందా అని."

నేను అన్న మాట అప్పుడు నాకే గుండెల్లో గుచ్చుకుంది. దిండు గలీబు సరిచేస్తున్నట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాను.

మెకానిక్ నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "ఇది మాట పంపే మైకు కాదండీ. ఈ రిసీవర్ ఒక్కో స్పీకర్లోంచి చప్పుళ్ళు పంపుతుంది. అవి మనం కూర్చునేచోటికి ఎలా చేరుతున్నాయో ఇది వింటుంది, అంతే." మెల్లగా చెప్పి ఏం లాభం? మామయ్య అతని పెదవులు చూస్తూనే ఉన్నారు. ఆయనే అత్తయ్య గుప్పిట విప్పి మైకు తీసుకుని అతని చేతిలో పెట్టారు. "అయితే మీ పని కానివ్వండి" అన్నారు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేను మొదటిసారి విన్నాను.

ఇంకొకరైతే నిజంగానే తమ పని కానిచ్చుకుని వెళ్ళిపోయేవారు. ఈ మెకానిక్ రిసీవర్ ముందు గొంతుక్కూర్చుని కాసేపు దాన్నే చూశాడు. తర్వాత ముందువైపున్న చిన్న మూత గోటితో తెరిచాడు. లోపల ఒక కన్నం.

"ఇంట్లో పాటలు పాడుకునేవాళ్ళ కోసం ఇస్తారండీ ఇది. నేను బిగించిన ఇళ్ళల్లో ఒక్కరూ వాడలేదు, దీని సంగతే మర్చిపోయాను. మామూలు మైకు ఉంటే చాలు. మా ఇంట్లో ఒకటి పడి ఉంది, రేపు పొద్దున తెస్తాను" అన్నాడు. మర్నాడు అతనికి సెలవు అని తర్వాత తెలిసింది. సెలవు మానుకుని వచ్చాడా మహానుభావుడు. ఆయన చల్లగా ఉండాలి.

మర్నాడు ముందుగా గది కొలిచాడు. "అందరూ సోఫా మధ్యలో పెట్టి కొలుస్తారు. మనకు ఈయన చెవులే ముఖ్యం" అని చిన్న మైకును మామయ్య కుర్చీ వీపు మీద, తల ఉండే ఎత్తులో నిలబెట్టాడు. ఎవరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడదన్నాడు. ఒక్కో స్పీకర్లోంచి టప్ టప్‌మని, తర్వాత సుయ్‌మని చప్పుళ్ళు మొదలయ్యాయి. నాలుగో స్పీకర్ దగ్గరికి వచ్చేసరికి మామయ్య, "ఏం నాయనా, ఇంకా మొదలుపెట్టలేదా?" అని కేకేశారు. అంతా మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారి, "అయిపోయిందా?" అన్నారు. మూడోసారి అత్తయ్య లేచి వచ్చి, పక్కన నిలబడి, ఎడమచేతితో ఆయన నోరు మూసింది. మూసిన చెయ్యి అన్ని చప్పుళ్ళూ అయ్యేదాకా తియ్యలేదు. ఆయన కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

తర్వాత పెద్ద మైకు కన్నంలో పెట్టాడు. అత్తయ్య నోటిదగ్గర పెట్టుకోగానే అది కీచుమని అరిచింది. స్పీకరుకు మరీ ఎదురుగా కూర్చుందని అతను ఆవిడను పక్కకు జరిపాడు. టీవీ కింది స్పీకర్ను తీసి స్టూలు మీద పెట్టి మామయ్య చెవి దగ్గరికి తెచ్చాడు. "ఒకటి నుంచి అంకెలు చెప్పండమ్మా. ఆయనకు వినిపించింది ఆయన చెబుతారు."

అత్తయ్య చెప్పింది. మామయ్య తల అడ్డంగా ఊపారు. "ఏదో గుమ్మంటోంది." మెకానిక్ లావు శబ్దం తగ్గించాడు. అత్తయ్య మళ్ళీ చెప్పింది. "అన్నీ ఒకలాగే ఉన్నాయి, ఆరో ఏడో." అతను విసుక్కోలేదు. సన్న శబ్దాలు ఒక్కో మెట్టూ పెంచుతూ, ప్రతిసారీ ఆవిడ చేత అంకెలు చెప్పిస్తూ ఒక గంట కూర్చున్నాడు. నాకే సహనం చచ్చి టీ పెడదామని లేచాను.

"మూడు" అన్నారు మామయ్య.

అత్తయ్య ఆగింది.

"ఆపకు. నాలుగు. ఐదు. ఎనిమిది... ఏమే, మధ్యలో రెండు ఎగ్గొట్టావు!"

పరీక్ష పెట్టింది మరి! మైకు ఒళ్ళో పెట్టుకుని కొంగుతో ముఖం కప్పుకుంది. తర్వాత మైకు మళ్ళీ ఎత్తి, ఎనిమిది నెలల బాకీ తీర్చుకున్నట్టు మొదలుపెట్టింది. "ఆ బనియను వేసుకుని మూడు రోజులైంది. మార్చమని కోడలితో చెప్పించుకోవడం నాకు నామోషీగా ఉంది." ఐదు స్పీకర్లూ బనియను గురించి చెప్పాయి. మామయ్య బనియను వంక చూసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వారు. మెకానిక్ అటు తిరిగి, చుట్టాల్సిన వైర్లేమీ లేకపోయినా వైర్లు చుట్టసాగాడు.

నేను వంటింట్లోకి తప్పుకున్నాను. తప్పుకుని ఏం లాభం? ఇల్లంతా స్పీకర్లే. మామయ్య గొంతు సంగతి సరేసరి.

"ఒక్క మాట అడగాలి నిన్ను" అంటున్నారు. "ఆ రోజు ఆస్పత్రిలో నిన్ను లోపలికి తోసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నావు. నాకు తెలియలేదు. నువ్వు కంగారుపడతావని, అర్థమైనట్టు తలూపేశాను. నీకేమైనా అయ్యుంటే అదే ఆఖరి మాట అయ్యుండేది. ఆ మాటేంటో తెలియకుండా నేను బతకాల్సొచ్చేది. ఎవర్ని అడగను? ఏమన్నావు?"

స్పీకర్లలో అత్తయ్య ఊపిరి వినిపించింది. నేను స్టవ్ ఆపేశాను.

"భయమేస్తోంది, నన్ను మళ్ళీ ఇంటికి తీసుకెళ్తావా అన్నాను" అంది అత్తయ్య. "నువ్వు తలూపావు. దాంతో నా భయం పోయింది."

"తెలియకుండానే ఊపానే" అన్నారు మామయ్య.

"అయితేనేం, తీసుకొచ్చావుగా."