ఎడమచేతి రంద

శుక్రవారం మేము చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి మా వెనక సందులో ఆయన పని మొదలుపెట్టి ఉండేవాడు. మేముండేది గల్ఫ్‌లో. అబూ హమూర్‌లో ఒక పాత విల్లాలో మాది చిన్న వాటా. నాన్న టైమ్‌కీపర్‌గా చేసే కంపెనీలోనే ఆయన కార్పెంటర్. కరీంనగర్ వైపు మనిషి. తను ఉండే లేబర్ క్యాంపులో సొంత పని చేసుకోవడానికి చోటు లేదంటే నాన్న మా సందు చూపించాడు. సైటులో వదిలేసిన చెక్కలు అడిగి తెచ్చుకుని, ఊళ్ళో ఉన్న కూతురికి బట్టల పెట్టె చేస్తున్నాడు. మిషన్లు లేవు. రంపం, ఉలి, సుత్తి, ఇంటి నుంచి తెచ్చుకున్న రంద, అంతే. చెక్క నునుపు చేసే ఆ పనిముట్టును మా గోదావరి వైపు చిత్రిక అంటారు.

నేను కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. చదవడం తక్కువ, ఆయన చేతుల్ని చూడడం ఎక్కువ.

"ఏం బిడ్డా, పుస్తకం తలకిందులు వట్టినవేమో సూసుకో," అనేవాడు తల ఎత్తకుండానే. నేను సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఆయనది ఎడమచేతి వాటం. నాదీ అదే. అమ్మ చిన్నప్పుడే కసిరి కసిరి కుడిచేతికి మార్పించింది. ఆ సంగతి బయటివాళ్ళలో కనిపెట్టింది ఆయనొక్కడే.

ఒక ఉదయం క్యాంపులో ఆయన నిద్ర లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. కంపెనీ వాళ్ళు ఆయన్ని ఊరికి పంపేశారు. పనిముట్ల సంచీ, మూత లేని పెట్టె మా సందులో ఉండిపోయాయి. మూతకని కోసి, పెన్సిల్ గీతలు పెట్టుకున్న చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. గాలి వచ్చినప్పుడల్లా ఏ మూల నుంచో ఒక చెక్క పొట్టు చుట్ట దొర్లుకుంటూ గుమ్మం దాకా వచ్చేది. ఎంత ఊడ్చినా అంతే.

కొన్నాళ్ళకు ఆయన భార్య నాన్నకు ఫోన్ చేసింది.

"సార్, దుబాయ్‌ల మా ఆయన చేసిన పెట్టె మీ ఇంట్ల ఉన్నదట గదా?" వాళ్ళ వైపు గల్ఫ్ అంతా దుబాయే.

"ఉందమ్మా. కార్గోలో పంపిస్తాను. మూత ఒక్కటే కాలేదు."

"మూత లేకుంటే మా అత్త గడప దాటనియ్యదు సార్. సచ్చినోని పని నోరు తెర్సుకొని ఇంట్లకు రావద్దంటరు మా వడ్లోళ్ళల్ల."

"ఇక్కడ ఎవరైనా కార్పెంటర్‌తో చేయిస్తాలే."

"వద్దు సార్. ఇంకో పనోని చెయ్యి వడితే అది ఆయన పెట్టె ఎట్లయితది? పిల్ల అడుగుతది."

"అయితే నేనే చేస్తానమ్మా. నేను పనివాణ్ణి కాదుగా," అన్నాడు నాన్న.

"మీరా సార్?" అందామె. ఏడుపులోనే నవ్వింది.

నాన్న రంద పట్టాడు. చెక్క నునుపు కాలేదు సరికదా, పీచు పీచుగా లేచింది.

"హాజరు వేసే చెయ్యండీ అది. చెక్క ఏడుస్తోంది, వదిలెయ్యండి," అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న విసుగ్గా లేచి, మడతబందులు కొనడానికి బయటికి వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే మిగిలాను. రంద కుడిచేత్తో పట్టుకుంటే పిడి మీద ఏదో అడ్డుపడినట్టుంది. చూస్తే అక్కడ బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. అది నా కుడి బొటనవేలికి అందని వైపు ఉంది. చెయ్యి మార్చాను. ఎడమ బొటనవేలు వెళ్ళి ఆ గుంటలో కూర్చుంది.

తోశాను. పొట్టు తెగకుండా సన్నగా చుట్ట తిరుగుతూ లేచింది. ఆ చప్పుడు ఆయన చప్పుడే. చేస్తున్నది నేనే అని తెలిసి కూడా ఆగి వెనక్కి చూశాను.

అప్పుడే అమ్మ సులేమానీ గ్లాసుతో బయటికొచ్చింది. రంద చప్పుడు వినగానే టీ పట్టుకురావడం ఆమెకు శుక్రవారాల అలవాటు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వచ్చాడనుకున్నానే," అంది మెల్లగా.

గ్లాసును ఏసీ డబ్బా మీద, ఆయన పెట్టుకునే చోటే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ టీ ఎవరమూ తాగలేదు.

చెక్కలన్నీ నేనే నునుపు చేశాను. నాన్న మేకులు కొట్టాడు, బందులు బిగించాడు. లోపలివైపు ఆయన పెన్సిల్ గీత ఒకటి చెరపకుండా వదిలేశాను.

వీడియో కాల్‌లో నాన్న పెట్టెను తెరిచి, మూసి చూపించాడు. ఆమె పెట్టెను కాసేపు చూసింది.

"మీ పనితనం కాదు సార్ ఇది. ఎవలు చేసిండ్రు?"

నాన్న నన్ను ఫోన్ ముందుకు లాగాడు.

"నేనే అక్కా."

"ఏ చేత్తోని?"

ఎడమ చెయ్యి ఎత్తాను. ఆమె ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"గా బొటనేలు సూపియ్యి."

బొటనవేలి పక్కన కాయ కట్టి ఉంది.

"ఆయనకు గక్కడ్నే ఉండె," అంది. తర్వాత వెనక్కి తిరిగి కేకేసింది. "అత్తా, మూత అయ్యింది. పంపియ్యమంటున్న!" మళ్ళీ నాతో అంది: "రంద గూడ పెట్టెలనే పెట్టు బిడ్డా."

పెట్టి, మూత వేశాను.

కాయ మానిపోయింది. ఇప్పటికీ శుక్రవారం గేటు తీశాక లోపలికి నడవకుండా ముగ్గురం ఒక్క క్షణం నిలబడిపోతాం. ఏసీల గోల తప్ప ఏమీ వినపడదు. టీ అందుకోవడానికి నా ఎడమ చెయ్యి ముందుకొస్తే అమ్మ ఇప్పుడు కసరదు. ఆ చేతికే ఇస్తుంది. ఇచ్చాక గ్లాసును వెంటనే వదలదు.