కింది చీటీ లేని పురుగు

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో జరిగిన ఒక సంగతి మహాకావ్యానికి సరిపోతుంది. అందులో మరణం ఉంది, వనవాసం ముప్పు ఉంది, నిండు సభలో ఒకరిని నిలబెట్టి ప్రశ్నించడం ఉంది, కొమ్ముల జీవులు కూడా ఉన్నాయి. ఇది విని సర్దుకుని కూర్చున్నవాళ్ళకు ముందే చెప్పేస్తాను, కావ్యమేమీ కాదు. వనవాసం అంటే హాస్టల్. సభ అంటే డాబా మీద వేసిన టెంటు. జీవులు పెంకుపురుగులు, అవీ చచ్చినవే. కొమ్ములు కూడా కావు, మీసాలు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో కుర్రాళ్ళు నన్ను అంకుల్ అంటూ కుర్చీ వేస్తున్నారు. కాబట్టి చిన్ననాటి సంగతులు చెప్పే అర్హత వచ్చేసిందని నేనే తీర్మానించుకున్నాను.

మా నాన్నకు అమీర్‌పేట నుంచి ఎస్.ఆర్. నగర్ వైపు పోయే గల్లీలో జిరాక్స్ షాపు ఉండేది. సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజులు. ఆ గల్లీలో మేడలు కనిపించేవి కావు, బోర్డులే కనిపించేవి. ఊళ్ళ నుంచి బస్సు దిగినవాళ్ళు బ్యాగు దించకముందే ఏదో ఒక కోర్సులో పడేవారు. అక్కడ మనిషికి పేరుతో పని లేదు. జావా అన్న, టెస్టింగ్ అక్క, అంతే. పాలప్యాకెట్లు వేసే ఆయనకు కూడా ఎవరిది ఏ కోర్సో తెలుసు. మా నాన్నకు ఆ నోట్సుల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గాని, ఏ సారు నోట్సుకు గిరాకీ ఉందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

మేముండే ఇంటి డాబా మీద రేకుల గది ఒకటి ఉంది. అందులో ఒక టెస్టింగ్ అక్క ఉండేది. అసలు ఆమె చదివింది జువాలజీ. వరంగల్ వైపు అడవుల్లో పొడుగు మీసాల పెంకుపురుగులను పట్టి, వాటి మీద పరిశోధన చేసింది. పురుగులను పట్టేవాళ్ళకు జీతమిచ్చే కంపెనీ ఏదీ దొరక్క, ప్రోగ్రాముల్లో బగ్గులనే పురుగులు పట్టే కోర్సులో చేరానని తనే చెప్పి తనే నవ్వేది. పరుపు కింద, మంచం కింద, ఆఖరికి స్టవ్ కింద కూడా అట్టపెట్టెలే. వాటినిండా పురుగులే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న షాపులోనే గుండె ఆగి పోయాడు. పక్క షాపు భాయ్ చెప్పిందే అందరూ విన్నారు, అందరూ అదే చెప్పుకున్నారు. ఇంటినిండా చుట్టాలు. గట్టిగా ఏడ్చేవాళ్ళు, కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు, అప్పుడే వచ్చినవాళ్ళను చూసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు, ఇలా అందరికీ తలో వరస ఉంది. నేను ఏ వరసలోనూ లేను. నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసేది, నిద్ర పట్టేది, ఎవరు పిలిచినా పలికేవాణ్ణి. అన్నీ దూది చుట్టినట్టు దూరంగా ఉండేవి. మా మేనత్త నా గదవ పట్టుకుని చూసి, పోరడు రాయి అయిపోయిండని తేల్చింది.

కింద చోటు లేక డాబా ఎక్కాను. అక్క పెట్టెలన్నీ బయట పెట్టి ఆరబెడుతోంది. మీ నాన్న మంచోడు అనలేదు, ఏడ్చావా అని అడగలేదు. ఖాళీగా ఉంటే ఒక పని చెయ్యమని, చీమలు పట్టిన ఒక పెట్టెలోని పురుగులను నా ముందు పెట్టి, ఇవన్నీ కలిసిపోయాయి, సూదికున్న చీటీలు చూడకుండా రకాలవారీగా వేరు చెయ్యమంది.

నేను స్కూలు ప్రార్థనలో నిలబెట్టినట్టు, పొడుగు మీసాలవి వెనక, పొట్టి మీసాలవి ముందు పెట్టాను. అక్క చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

“నువ్వు గిట్ల పెడితే మొగుడు ఒక ఖాందాన్ల, పెండ్లాం ఒక ఖాందాన్ల పడ్డరు తమ్మీ. మొగదానికి మీసం పొడుగుంటది, ఆడదానికి పొట్టి. మీసం అందరికీ కనవడుతది. నువ్వు మొకం చూడు.”

భూతద్దం ఇచ్చి చూపించింది. ఇవన్నీ ఒకే పెద్ద ఖాందాన్, ఒకే వంశం, లోపల మళ్ళీ పాయలు. కొన్నింటికి మొహం గోడలాగా నిటారుగా కిందికి దిగి ఉంటుంది. మామిడి మానును తొలిచేది ఆ పాయలోదే. కొన్నింటికి మొహం ముందుకు వాలి ఉంటుంది. ఇంకొన్ని వెడల్పుగా ఉండి, మెడ పక్క అంచుల్లో రంపపు పళ్ళుంటాయి. అక్కడికీ తేలకపోతే నోటి దగ్గరుండే సన్నని తీగలు చూడాలి. కొస మొనదేలి ఉంటే నిటారు మొహం వాళ్ళ మనిషి, కోసేసినట్టు ఉంటే వాలు మొహం వాళ్ళ మనిషి. ఆ మధ్యాహ్నమంతా నేను మొహాలే చూశాను. అంత పెద్ద భూతద్దంలో కూడా వాటి మొహాల్లో ఏ భావమూ లేదు. మాకు బాగానే పొత్తు కుదిరింది.

ఒక్కటి మాత్రం ఎటూ తేలలేదు. మొహం వాలుగా ఉంది, నోటి తీగల కొస మాత్రం మొనదేలి ఉంది. ఎక్కడ పెట్టాలని అడిగాను. ప్రతి పురుగుకూ గుచ్చిన సూదికి రెండు చీటీలుంటాయి, పైదాని మీద దొరికిన వివరం, కిందిదాని మీద పేరు. దీనికి పైదే ఉంది. అక్క దాన్ని తీసుకుని పెట్టె మూలన గుచ్చింది. తను పరిశోధనలో చేరిన ఏడాది నుంచీ అది ఆ మూలనే ఉందట. దీనికి పేరు లేదా అన్నాను.

“ఉంటది. నాకు ఎర్క లేదు. ఎర్క లేనప్పుడు ఏదో ఒక పేరు రాస్తే, ఎనకొచ్చేటోడు గదే నిజమనుకుంటడు. పై చీటీ మాత్రం పక్కా ఉండాలె. ఏడ దొరికింది, ఏ దినం, ఏ చెట్టు మీద, ఎవరు చూసిన్రు. గది లేకుంటే పేరున్నా దండగే. పేరుకు తొందర లేదు.”

ఇంతలో కింద నా సంగతి తేలుస్తున్నారు. మా పెదనాన్న చెడ్డవాడేమీ కాదు, ఆయనకు ఏ పనైనా మధ్యలో ఉండటం నచ్చదు, అంతే. షాపు ఇక మా అమ్మ ఒక్కతే చూసుకోవాలి, పిల్లవాడు చూస్తే మొద్దుబారిపోయాడు, ఊరి బయట క్రమశిక్షణ ఉన్న హాస్టల్ ఒకటుంది, దినాలు కాగానే చేర్చేద్దామన్నారు. అమ్మ ఆ రాత్రి గిన్నెలు తోముతూ, పోతావా బిడ్డా అని నెమ్మదిగా అడిగింది. అమ్మను వదిలి పోవాలంటే భయం వెయ్యాలి. వెయ్యలేదు. అది చూసి కొంచెం భయం వేసింది.

దినాలనాడు డాబా మీద టెంటు వేసి భోజనాలు పెట్టారు. పెదనాన్న పంక్తి మధ్యలో కూర్చుని, నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టారు. అందరూ వినాలనే కాబోలు, కాస్త గట్టిగానే అడిగారు.

“అరేయ్, నీ తండ్రి పోయిండు. నీకు బాధ లేదారా?”

ఉంది అంటే ఏడ్చి చూపించాలి. లేదు అంటే నేను రాయినేనని రుజువైపోతుంది. రెండూ కింది చీటీలే. నా దగ్గర పై చీటీ ఒక్కటే ఉంది. అదే చెప్పాను.

“ఐతారం మధ్యాహ్నం. షాపుల. నేను బువ్వ డబ్బా తీస్కపోయిన. నాన్న మిషన్ పక్కన గోడకు ఒరిగి కూసున్నడు. మిషన్ల కాయితాలు వస్తనే ఉన్నయ్. పిలిస్తే పల్కలే. మిషన్ బంద్ చేసిన. కాయితాలు కింద పడితే సదిరి పెట్టిన, గిరాకీ వస్తడని. గప్పుడు పక్క షాపు భాయ్‌ని పిల్సుకొచ్చిన. బాధనో కాదో నాకు ఎర్క లేదు పెదనాన్నా.”

మొదట చూసింది నేనని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. ఏడ్చావా అనే అడిగారు గాని, అప్పుడు నువ్వెక్కడున్నావని అడగలేదు. భాయ్ కూడా, పిల్లవాణ్ణి ఈ గొడవలోకి లాగడమెందుకని, నా మాట ఎత్తలేదట. అమ్మేమో నేను డబ్బా ఇచ్చి వచ్చేశాకే ఇది జరిగిందనుకుంది.

అమ్మ అన్నం వడ్డిస్తోంది. గిన్నె కింద పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది. నా భుజం మీద చెయ్యి వేసింది, చేతికి అన్నం మెతుకులున్నాయి.

“వాడు యాడికీ పోడు బావా” అంది.

టెస్టింగ్ అక్క మంచినీళ్ళ జగ్గు పట్టుకుని నావైపు ఒకసారి చూసి, తర్వాతి గ్లాసు నింపింది. పెదనాన్న చారు అడిగారు.

కథలైతే ఇక్కడ నేను బోరుమనాలి. టెంటు వేసి ఉంది, జనం ఉన్నారు, అంతకన్నా మంచి అదను దొరకదు. ఏడుపు రాలేదు. కూర్చుని, పప్పు రెండోసారి వేయించుకుని తిన్నాను. అమ్మ మాత్రం నా పక్కనే కూర్చుని, ఆ మెతుకుల చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఆ పదిరోజుల్లో ఆమె కూడా ఏడవలేదని నేను అప్పుడు గమనించాను.

మరుసటి ఏడాది అక్కకు మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. వెళ్ళేటప్పుడు పెట్టెలను ఏదో కాలేజీకి ఇచ్చేసింది. ఆ మూలనున్న పురుగుకు తర్వాత పేరు దొరికిందో లేదో నాకు తెలియదు.

నాకు ఆ రోజు నుంచి ఒక అలవాటు మిగిలింది. ఎవరింట్లోనైనా మనిషి పోతే, పంజాగుట్ట శ్మశానంలోనైనా సరే, వాళ్ళింటి వరండాలోనైనా సరే, ఎలా ఉన్నావని అడగను. ధైర్యంగా ఉండమనీ అనను. పక్కన కూర్చుని, అప్పుడు నువ్వెక్కడున్నావని అడుగుతాను. చాలామంది చెప్తారు. బస్సులో అనో, వంటింట్లో అనో, పళ్ళు తోముకుంటున్నాననో మొదలుపెడతారు. కొందరు చాలాసేపు చెప్తారు. నా విషయంలో ఏదైనా జరిగినా అంతే, జరిగింది జరిగినట్టు చెప్పుకుని, పేరు చోటు ఖాళీగా వదిలేస్తాను. కొన్నింటికి తర్వాత పేరు దొరికింది. కొన్ని అలాగే ఉన్నాయి.

ఇక ఆ హాస్టల్ సంగతి. అందులో సీట్లు జూన్‌లోనే నిండిపోయాయి. మా నాన్న పోయింది ఆగస్టులో. పెదనాన్న కనుక్కోలేదు.