తూము దగ్గర ఆగిన దీపం

పెళ్ళయిన కొత్తలో మా ఆయనతో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి నాకు దొరికిన ఒకే ఒక్క చోటు సైకిలు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. గుణదలలో మా అత్తవారిల్లు రెండు గదులు, ఒక వంటిల్లు, పైన పిట్టగోడ కట్టిన డాబా. ముందు గదిలో మావయ్య, మా ఆయన పడుకునేవారు. వెనక గదిలో అత్తయ్యకీ, బళ్ళో చదువుకునే ఆడబిడ్డకీ మధ్య నా పక్క. "మంచినీళ్ళు కావాలా అండీ?" అని నేను మా ఆయన్ని అడిగితే ఇంకో ముగ్గురు "నాకూ" అనేవారు. డెబ్బైల నాటి మాట కాబట్టి దాన్ని ఎవరూ కష్టం అనుకునేవారు కాదు. నేను మాత్రం అనుకున్నాను. కబుర్లు చెప్పే మొగుడు దొరికాడని సంబరపడి కాపురానికి వచ్చినదాన్ని. ఆ కబుర్లు వినే వీలే లేకపోతే మండదూ?

ఆయన వన్ టౌన్‌లో ఒక టోకు బట్టల కొట్లో గుమాస్తా. దీపాలు పెట్టే వేళకి సైకిలు మీద ఇల్లు చేరేవారు. ఉపాయం కనిపెట్టింది ఆయనే. కాలవ అవతల గేదెల దొడ్డి ఒకటి ఉంది. అక్కడికి వెళ్ళి ఎదురుగా నిలబడి పితికించుకుంటే నీళ్ళు కలవని పాలు దొరుకుతాయి. ఒక రాత్రి భోజనాల దగ్గర ఆయన ఎవరి మొహమూ చూడకుండా ఆ సంగతి ఎత్తారు.

"నాన్నా, రేపట్నుంచి పాలు నేను తెస్తాను. కాకపోతే చెంబు పట్టుకోడానికి ఒక మనిషి కావాలి. హేండిలుకి తగిలిస్తే సగం ఒలికిపోతాయి."

"మనిషంటే ఎవర్రా?" అన్నారు మావయ్య.

ఆయన చారన్నం కలుపుతూనే ఉండిపోయారు. అంత కలిపిన చారన్నం నేను మళ్ళీ చూడలేదు.

"వదిన ఉందిగా!" అంది ఆడబిడ్డ. ఆ క్షణంలో నా చేతి గాజులన్నీ తీసి ఆ పిల్లకి తొడిగేద్దామనిపించింది.

మావయ్య ఆలోచించారు. ఆయన తలుపు గడియ దగ్గర్నుంచి గోడ గడియారం దాకా ఏది సరిగ్గా పనిచెయ్యకపోయినా విప్పి చూడందే నిద్రపోని మనిషి. "సరే. కానీ దీపం లేని సైకిలు చీకటి పడ్డాక నా గడప దాటడానికి వీల్లేదు. గట్టు మీంచి జారి కాలవలో పడితే లాగేవాడు కూడా ఉండడు. ముందు దీపం పెట్టండి, తర్వాత పాల సంగతి చూద్దాం" అన్నారు.

అత్తయ్య అందరికీ మజ్జిగ పోసేశారు. ఆవిడ మామూలుగానే ఏమీ అనేవారు కాదు. నాకు ఆవిడంటే భయం.

దీపం అంటే మాటలా! ఆయన వన్ టౌన్‌లో పాత ఇనుప సామాన్ల కొట్లో వెతికి, టైరుకి ఆనుకుని తిరిగే డైనమో ఒకటి పట్టుకొచ్చారు. మోటార్లు బాగుచేసే కొట్లోంచి కాస్త రాగి తీగ తెచ్చారు. ఒక చిన్న బల్బూ తెచ్చారు. ఇక అంతే, మిగతా దీపమంతా మేం కల్పించాల్సిందే. పెళ్ళిలో అందరూ కూడబలుక్కున్నట్టు స్టీలు గిన్నెలే చదివించారు కదా, అందులో అన్నిటికన్నా చిన్నదాన్ని, తళతళలాడేదాన్ని ఏరాను. ఆదివారం మధ్యాహ్నం పెరట్లో చాకిరేవు బండ మీద దాన్ని బోర్లించి, మేకు పెట్టి పొత్రంతో ఒక్కటిచ్చాను. చిల్లు పడింది. ఆ చిల్లులో పాత టార్చిలైటు మూతి ఇరికించి, అందులో బల్బు బిగించాం. గిన్నెని కొబ్బరి చిప్పలో కూర్చోబెట్టి, చిప్పని హేండిలుకి కట్టాం. ముందునుంచి చూస్తే సైకిలు ఎవర్నో చూసి ఆశ్చర్యపోయినట్టు ఉండేది.

తీగలు కలిపే పని నాది. ఎందుకంటే నేను మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. బందరు వైపు మా ఊళ్ళో మగ్గం మీది పాత పడుగు దారాల కొసలకి కొత్త పడుగు కొసలు అతకడంలో నన్ను మించిన పిల్ల లేదని పేరు. వేళ్ళకి బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క పురి పెడితే అతుకు ఎక్కడుందో మా నాన్న కూడా పట్టుకోలేకపోయేవాడు. రాగి తీగైతే మాత్రం ఏమిటి, దారం కాదా! బూడిద రాసుకుని సన్నగా పురి పెట్టాను. అతుకు ఊడకుండా పైన చిక్కటి గంజి పట్టించి ఎండలో ఆరబెట్టాను. పట్టుచీరకి కూడా అంత మర్యాద చెయ్యలేదు.

సైకిలు స్టాండు వేసి ఆయన పెడలు తిప్పారు. చక్రం తిరిగింది, డైనమో తిరిగింది, మేమిద్దరం బల్బు వైపు నోళ్ళు తెరుచుకుని చూశాం. వెలగలేదు. ఇంకా జోరుగా తిప్పారు. ఊహూఁ.

"నీ అతుకులో ఏదో ఉంది" అన్నారాయన.

"నా అతుకునంటారా?" అన్నాను. నాకు కోపం వస్తే చేతులాగవు. అతుకంతా పీకేసి, దారం కొరికినట్టు తీగని పటుక్కున కొరికి ఉమ్మేశాను. నోట్లో గంజీ బూడిదా కలిసిన రుచి. అప్పుడు చూశాను, పన్ను పడిన చోట తీగ ఎర్రగా ధగధగమంటోంది. మిగతా తీగంతా ముదురు బెల్లం రంగు.

"ఏవండీ, ఇది చొక్కా తొడుక్కుందండీ!"

"ఏది?"

"తీగ! పైన ఏదో పూత ఉంది. లోపలి రాగి వేరే! ఒంటికి ఒళ్ళు తగలకపోతే వెలుగెక్కడ్నుంచి వస్తుంది?"

అన్నాక గానీ ఆ మాట ఎలా వినిపించిందో తెలియలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇద్దరం తలలు వంచుకుని, కత్తిపీట దగ్గర కూర్చుని బుద్ధిగా తీగలు గీకాం. మళ్ళీ పురి పెట్టాను, ఈసారి బూడిదా గంజీ లేకుండా. ఆయన పెడలు ఒక్క తిప్పు తిప్పేసరికి పట్టపగలు గిన్నె నిండా వెలుగు! నేను కెవ్వుమన్నాను. ఆయన ఆపకుండా తిప్పుతూ "చూశావా, చూశావా" అంటున్నారు. నేను చూస్తూనే ఉన్నాను, ఇంకెక్కడికి చూస్తాను! ఆ అరుపులకి మావయ్య నిద్రలేచి వచ్చి, కొబ్బరి చిప్పని అటూ ఇటూ లాగి చూసి, "గట్టిగానే ఉంది" అన్నారు. మాకు అనుమతి దొరికినట్టే.

మర్నాడు చీకటి పడగానే బయల్దేరాం. నేను చెంబు ఒళ్ళో పెట్టుకుని వెనక క్యారియర్ మీద ఒకవైపుకి కూర్చున్నాను. డైనమో గుయ్యిమని పాట అందుకుంది. ఆయన జోరుగా తొక్కితే గట్టు మీద రాళ్ళు, తుమ్మ చెట్లు, అడ్డంగా పడుకున్న కుక్క అన్నీ కనిపించేవి. నెమ్మదిస్తే కుక్క మాత్రమే కనిపించేది. ఎత్తు ఎక్కేటప్పుడు, అంటే దీపం నిజంగా కావలసినప్పుడు, అది మినుకుమినుకుమనేది. "తొక్కండి, తొక్కండి, కాలవ ఎటుందో తెలియటల్లా!" అని నేను వెనకనుంచి అరుపులు. నవ్వుతుంటే తొక్కలేకపోయేవారు, తొక్కకపోతే చీకటి, చీకటైతే మళ్ళీ నా అరుపులు. చెంబు ఖాళీది కాబట్టి సరిపోయింది.

పాలు తీసుకుని తిరిగి వస్తుంటే దారిలో తూము దగ్గర ఆగాం. కాలవ నీళ్ళు పొలాల్లోకి దూకే చోటు అది. సిమెంటు గోడ ఒకటి ఉంది, ఇద్దరు కూర్చోవడానికి సరిగ్గా సరిపోతుంది. సైకిలు ఆగగానే దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో, ఆ నీళ్ళ చప్పుడులో ఆయన చెప్పని కబురు లేదు. తమకి పాడటం వచ్చట, ఇంట్లో పాడితే గొంతుకేదో అయిందని మావయ్య మిరియాల కషాయం పోస్తారని మానేశారట. పాడమన్నాను. పాడారు. కషాయం పోయడంలో మావయ్య తప్పేమీ లేదనిపించింది. అయినా నాకు ప్రపంచంలో అంతకన్నా మంచి పాట లేదు.

ఇల్లు చేరగానే ఆడబిడ్డ ఎదురొచ్చింది. "వదినా, తూము దగ్గర మీ దీపం ఆరిపోయిందేంటి? డాబా మీంచి నేనూ అమ్మా చూశాం. వెలుగుతూ వెలుగుతూ ఠక్కున మాయమైంది!"

దీపం పెట్టుకుంది మేం దారి చూసుకోడానికి. తీరా అది మేం ఎక్కడ ఆగామో ఊరందరికీ చూపించే దీపమైంది. డాబా మీద నుంచి చూస్తే ఆ గట్టంతా నల్లగా ఉంటుంది. దాని మీద కదిలే వెలుగు మాదొక్కటే.

"ఎక్కడో లూజుంది" అన్నారు మావయ్య, ఎంతో సీరియస్‌గా. అప్పటికప్పుడు కొబ్బరి చిప్ప విప్పి, అన్నీ మళ్ళీ బిగించారు. అత్తయ్య నా మొహం చూడకుండా చెంబు అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

మర్నాడు ఆయన మరో ఎత్తు వేశారు. తూము దగ్గర సైకిలు స్టాండు వేస్తే వెనక చక్రం గాల్లో ఉంటుంది, పెడలు చేత్తో తిప్పుతూ ఉంటే దీపం ఆరదు. తిప్పే పని నాదే. రాట్నం తిప్పి కండెలు చుట్టిన చెయ్యి నాది, కబుర్లు చెబుతూ పొద్దస్తమానం తిప్పగలదు. గోడ మీద కూర్చుని, కుడి చేత్తో పెడలు తిప్పుతూ, ఎడం చేత్తో జడ సర్దుకుంటూ హాయిగా మాట్లాడాను. దీపం రవ్వంత కూడా వణకలేదు. మా తెలివికి మేమే మురిసిపోయాం.

ఇంటికొచ్చాక ఆడబిడ్డ అడిగింది: "వదినా, ఇవాళ దీపం వెలుగుతూనే ఉంది గానీ కదల్లేదేంటి?"

ఈ సంగతి మా ఇద్దరి బుర్రలకీ తట్టలేదు. ఆయన ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టారు. మావయ్య కళ్ళజోడు తీసి "కదలకుండా ఎట్టా వెలుగుద్ది?" అన్నారు.

"ఎదురుగాలి" అన్నారు అత్తయ్య వంటింట్లోంచి. "మీరు లేవండి, అన్నం పెట్టేశాను."

"ఇంత పెందరాళే అన్నమేంటే?" అని సణుక్కుంటూనే మావయ్య పీట మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఆయనకి రోజూ అలా, మేం తిరిగి రాకముందే, పెందరాళే అన్నం పెట్టేవారు. నాకు అదేమీ ఎక్కలేదు. ఎదురుగాలి అన్న మాటే చెవిలో ముల్లులా గుచ్చుకుంది. వెటకారం అనుకున్నాను. ప్రతి సాయంత్రం బట్టలు తీసే వంకతో డాబా ఎక్కి మా మీద కాపలా కాస్తున్నారని లోపల్లోపల రగిలిపోయాను. ఉన్న ఆ కాస్త తూము గోడ కూడా పోతుందేమోనని బెంగ పట్టుకుంది.

కొన్నాళ్ళకి కొట్టు పని మీద ఆయన బట్టల మూటలతో ఏలూరు వెళ్ళి, రాత్రికి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. సైకిలు ఇంట్లో ఉంది. చీకటి పడుతుంటే అత్తయ్యతో పాటు నేనూ బట్టలు తీయడానికి డాబా ఎక్కాను. దూరంగా గట్టు మీద ఎవరిదో సైకిలు దీపం పోతోంది. ఇద్దరం చూశాం. తూము దగ్గర అది ఆగి, ఆరిపోయింది.

అత్తయ్య వెంటనే వెనక్కి తిరిగారు. "పద అమ్మాయ్, కిందికి పోదాం."

"ఇంకా రెండు చీరలున్నాయత్తయ్యా."

"తర్వాత తీద్దువుగాని. దీపం ఆగాక చూడకూడదు." రెండు మెట్లు దిగి ఆగారు. "మీదీ అంతే. ఆగ్గానే దిగొచ్చేసేదాన్ని. నీ ఆడబిడ్డనీ లాక్కొచ్చేదాన్ని. మీ మావయ్య టార్చి తీసుకుని పైకొస్తానంటే అన్నం పెట్టేసేదాన్ని."

ఇన్నాళ్ళూ నేను కాపలా అనుకున్నది నిజంగా కాపలాయే. కాకపోతే మా మీద కాదు, మా కోసం. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి.

"ఆ తూము దగ్గర నీళ్ళ చప్పుడు బాగుంటదా?" అని అడిగారావిడ, మెట్ల వైపు చూస్తూనే.

"మీరెప్పుడూ వినలేదా అత్తయ్యా?"

"పగలు పొలంలో కూలోళ్ళకి అన్నం తీసుకెళ్ళేటప్పుడు విన్నాలే. కూర్చుని వినలా."

నేను ఆ మెట్లు దిగలేదు, దూకాను. తిన్నగా మావయ్య దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "మావయ్యా, ఆ దీపం తూము దగ్గరే ఎందుకు ఆరిపోతోందో మీ అబ్బాయికి అంతు చిక్కటల్లేదండీ. మీరు చూస్తే గానీ తేలదు. ఎలాగూ పాలు కూడా తేవాలి."

మావయ్య కళ్ళు మెరిశాయి. చొక్కా వేసుకుంటూ "చెంబు ఎవరు పట్టుకుంటారు మరి?" అన్నారు.

"అత్తయ్య ఉన్నారుగా!"

"నేనా? సైకిలు మీదా? ఈ వయసులో?" అన్నారు అత్తయ్య. అంటూనే కొంగు నడుముకి దోపారు. చెంబు అప్పటికే చేతిలో ఉంది.

నేనూ ఆడబిడ్డా పరిగెత్తుకుంటూ డాబా ఎక్కాం. కొబ్బరి చిప్ప దీపం వీధి మలుపు తిరిగి, గట్టెక్కి, అటూ ఇటూ ఊగుతూ పోయింది. ఎత్తు దగ్గర మినుకుమంది, పల్లంలో భగ్గుమంది. రెప్ప వెయ్యకుండా చూశాను. కాలవ దాటింది. చాలాసేపటికి మళ్ళీ వెనక్కి వచ్చింది. తూము దగ్గర నెమ్మదించింది. ఆగింది. ఆరింది.

"వదినా! నాన్న దీపం కూడా అక్కడే ఆరిపోయింది!"

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగాను. "పద కిందికి. అన్నం పెడతాను."

"ఇంత పెందరాళేనా?" అంది.

అవునన్నాను. వెనక్కి తిరిగి చూడాలని ప్రాణం లాగుతున్నా చూడకుండా కిందికి దిగి, ఆ పిల్లకి అన్నం పెట్టాను.